తలుపు కింది చిల్లులు

మా బావ మొన్న ఆషాఢంలో పోయాడు. పొద్దున్నే చాయ్ తాగి, గ్లాసు పిట్టగోడ మీద పెట్టి, "జర నడుము వాలుస్త" అని మంచమెక్కినవాడు మళ్లీ లేవలేదు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో కెమిస్ట్రీ చెబుతాను. క్లాసులో ఉంటే ఫోనెత్తనని మా అక్కకు బాగా తెలుసు. తెలిసీ ఆగకుండా చేస్తుంటే ఎత్తాను. "మీ బావ ఎంత లేపినా లేస్తలేడే," అంది. బోర్డు మీద సగం రాసిన సమీకరణం అట్లాగే వదిలేసి బయటికొచ్చాను.

గుండె ఆగిందన్నారు డాక్టర్లు. వచ్చినవాళ్లందరికీ మేమూ అదే చెప్పాం. వాళ్లు తలూపి, కళ్లు తుడుచుకుని, ఒక పక్కన కూర్చున్నారు. ఆ జవాబుతో ఊరుకోని మనిషి ఆ ఇంట్లో ఒక్కడే. "గుండె ఆగిందంటే? ఏంది ఆగింది? లోపల చూసిన్రా?" అని అడిగేవాడు. ఆయనే మధ్యలో పడుకుని ఉన్నాడు. నాకు ఏడుపు వచ్చింది అప్పుడే, ఆ ప్రశ్న ఎవరూ అడగడం లేదని.

మా బావ డెంటర్. మన్సూరాబాద్‌లో ఒక గల్లీ చివర షెడ్డు, షెడ్డు వెనకే ఇల్లు. గుద్దుకున్న కార్ల సొట్టలు తీయడం, తుప్పు పట్టి చిలుమెక్కిన రేకు కోసేసి కొత్త రేకు అతికించడం, పైన రంగు కొట్టించడం ఆయన పని. నేను నల్లగొండ దగ్గరి మా ఊరి నుంచి ఇంటర్ చదవడానికి వచ్చి వాళ్లింట్లోనే ఉన్నాను. పీజీ అయ్యేదాకా అక్కడే. సుత్తె చప్పుళ్ల మధ్యే ఆ ఫార్ములాలన్నీ బట్టీ పట్టాను. ఇప్పటికీ చుట్టూ మరీ నిశ్శబ్దంగా ఉంటే నాకు ఒక్క ముక్క బుర్రకెక్కదు.

ఆయనకు ఒక జబ్బు ఉండేది. ఏ వస్తువు కనబడ్డా దాని లోపల ఏముందో చూడాలి. గోడ గడియారం ఆగిపోతే సెల్లు మార్చే రకం కాదు, వెనక రేకు విప్పే రకం. మిక్సీ, టీవీ రిమోట్, పక్కింటివాళ్ల కుట్టుమిషను, మా అక్క పెళ్లినాటి రేడియో, అన్నీ ఆయన చేతిలో ఒకసారి విడివడినవే. "లోపలేముందో చూద్దాం పా" అనేది ఊతపదం. "విప్పుడు నేర్చుకున్నడు గని బిగించుడు నేర్చుకోలే ఈ మనిషి," అని అక్క ఎవరొచ్చినా చెప్పి నవ్వేది. అల్మారాలో ఒక డబ్బా నిండా ఏ వస్తువులోవో తెలియని మరలు ఇంకా ఉన్నాయి. పారేద్దామంటే అక్కకు చేతులు రావడం లేదు.

మామిడికాయల కాలంలో గడ్డిఅన్నారం మార్కెట్‌కు నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుపోయేవాడు. కొనేది పిడికెడు కాయలు, అడిగేది గంపెడు ప్రశ్నలు. గడ్డి ఎందుకు పరుస్తరు, అడుగు కాయ ముందెందుకు పండుతది, ముచ్చిక దగ్గర జిగురు ఎందుకు కారుతది. కొందరు ఓపిగ్గా చెప్పేవాళ్లు, కొందరు "కొంటవా పోతవా" అని కసిరేవాళ్లు. కసిరినా ఏమనుకునేవాడు కాదు. మార్కెట్ అక్కణ్నుంచి ఎత్తేశాక ఒకరోజు ఖాళీ స్థలం దగ్గర స్కూటర్ ఆపి నిలబడి ఉన్నాడు. నేను బస్సులోంచి చూసి దిగి, ఏం చేస్తున్నావని అడిగితే, "వాసన ఇంకా ఉంది చూడు. ఎన్నాళ్లుంటదో అని వచ్చి చూస్తున్న," అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆయన మాత్రం ముక్కు పైకెత్తి గాలి పీలుస్తూ నిలబడ్డాడు.

ఇట్లాంటి మనిషి పేరు పోయే పరిస్థితి ఒక కారు వల్ల వచ్చింది. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అది లేత నీలం రంగు పాతకాలపు కారు. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, వెనక్కి మడిచేసే గుడ్డ టాపు. మా నగరంలో పెళ్లి బరాత్‌ల కోసం మామూలు కార్ల పైకప్పు కోసేసి ఓపెన్ కారని నడిపేస్తుంటారు. ఇది అట్లాంటిది కాదు. "ఇది కోసింది కాదే, పుట్టుకతోనే టోపీ లేనిది," అని బావ నాకు గర్వంగా చెప్పాడు, తనే కన్నట్టు. దాని యజమాని కోస్తా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన ఒకావిడ. గల్లీలో అందరం కారు ఆంటీ అనేవాళ్లం. ముచ్చటపడి కొన్న భర్త పోయాక, ఆవిడ దాన్ని పెళ్లిళ్లకు కిరాయికి తిప్పేది. డ్రైవరును పెట్టుకోలేదు. పట్టుచీర కట్టుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని తనే నడిపేది. వెనక సీట్లో పెళ్లికొడుకు, పెళ్లికూతురు. వాళ్లకంటే ఆంటీనే ఎక్కువమంది ఫొటోలు తీసుకునేవారు. ఆ కారే ఆవిడకు అన్నం పెట్టేది.

మొదటిసారి ఆ కారు షెడ్డుకొచ్చినప్పుడు రెండు తలుపుల అడుగుభాగం వేలు పెడితే విరిగేట్టు ఉంది. బావ కుళ్లిన రేకంతా కోసేసి, కొత్త రేకు కొట్టి, వంచి, అతికించాడు. తలుపు కింది అంచు పొడుగునా చిన్నచిన్న చిల్లులు, వాటి చుట్టూ చిలుము ఉంటే అవన్నీ కూడా వెల్డింగ్‌తో మూసేశాడు. ఆ తర్వాత తలుపు తిప్పి చూపించి, "ఇగ చుక్క నీళ్లు లోపలికి పోవమ్మా," అన్నాడు. చూడటానికి ముచ్చటగా ఉంది. ఎక్కడ అతికాడో వేలితో తడిమినా తెలియలేదు.

శ్రావణం సగం దాటేసరికి సరిగ్గా అక్కడే రంగు కింద పొక్కులు లేచాయి. గోటితో గిల్లితే ఎర్రటి పొడి రాలింది.

కారు ఆంటీ కేకలేసే మనిషి కాదు. అది ఇంకా కష్టం. "అన్నయ్యగారూ, రేకు వేశానన్నారు కదా, లప్పం పెట్టలేదు కదండీ?" అని మెల్లగా అడిగింది. గుంతలు పూడ్చే ముద్దను లప్పం అంటారు. రేకు వేయాల్సిన చోట దాంతో నింపేసి పైన రంగు కొట్టడం ఈ పనిలో మోసం. ఆంటీ సంచిలోంచి ఫ్రిజ్‌కు అంటించే మామిడికాయ బొమ్మ ఒకటి తీసింది. దాని వెనక అయస్కాంతం. లప్పానికి అంటుకోదు, రేకుకు అంటుకుంటుంది. ఎవరో చెప్పి పంపినట్టున్నారు. ఆవిడ తలుపు పొడుగునా ఆ మామిడికాయ పెట్టుకుంటూ పోయింది. పెట్టిన ప్రతిచోటా టక్కున పట్టుకుంది. గల్లీలో నలుగురు నిలబడి చూస్తున్నారు. అక్క గడపలో నిలబడి చూస్తోంది. బావకు మాత్రం కోపం రాలేదు. "మంచి ఉపాయమే ఇది," అని ఆ మామిడికాయ తీసుకుని తిప్పి చూశాడు.

అయితే రేకే మంచిది కాదేమోననుకుని, ఇంకా దళసరి రేకు తెచ్చి మళ్లీ చేశాడు. ఈసారీ ఒక్క చిల్లు మిగల్చలేదు. మరుసటి శ్రావణానికి మళ్లీ అవే పొక్కులు, అదే చోట.

మామిడికాయ అంటుకోవడం కళ్లారా చూసినా ఈసారి గల్లీ నోరు ఊరుకోలేదు. లప్పం పెట్టి రంగేసిండట అన్న మాట షెడ్డు నుంచి షెడ్డుకు పాకి ఎల్బీనగర్ చౌరస్తా దాకా పోయింది. ఎండాకాలం పెళ్లిళ్లు మొదలయ్యే ముందు కారు ఆంటీ వచ్చి, నిలబడే మాట్లాడింది. "ఈసారి కూడా వస్తే దీన్ని తుక్కుకు ఇచ్చేస్తానండీ. ఆయన గుర్తని ఇన్నాళ్లు ఉంచాను. పొక్కులున్న కారు పెళ్లికి ఎవరు పిలుస్తారు?" బావ తలుపు వంక చూసి, "ఈసారి గిట్ల పొక్కులొస్తే నేను సుత్తె పట్టనమ్మా," అన్నాడు. లోపల పప్పు కలుపుతున్న అక్క చెయ్యి ఆగిపోయింది. ఆ మనిషి ఊరికే మాటనడు. సుత్తె పట్టకపోతే ఆయన ఏం చేస్తాడో మాకెవరికీ తెలియదు, ఆయనకూ తెలియదు.

ఆ ఆదివారం నేను మీర్‌పేట్ నుంచి, అప్పటికి నా కాపురం అక్కడే, అక్కవాళ్లింటికి వెళ్లాను. తలుపులో అడుగు పెట్టీపెట్టకముందే బావ పట్టుకున్నాడు.

"ఏమే మేడం, చిలుము పట్టాలంటే ఏమేం కావాలె?"

"ఇనుము, గాలి, నీళ్లు. ఇంటర్‌లో నీ షెడ్డులో కూర్చునే చదివిన."

"ఇనుము నేను పెట్టిన. గాలి దేవుడు పెట్టిండు. నీళ్లెవరు పోసిన్రు?"

"వాన పడుతది కద బావా."

"వాన అన్ని కార్ల మీద పడుతది. ఈ ఒక్కటే ఎందుకు కరాబైతది? అది కూడ పైన బాగానే ఉండి, కిందికెళ్లి?"

నేను ఆలోచించాను. పిల్లలకు చెప్పే పద్ధతిలోనే చెప్పాను. "తడిస్తే చాలదు బావా. తడిసి ఆరిపోతే అంత తినదు. తడి ఆరకుండ నిలవాలె. నీళ్లు ఎక్కడో నిలుస్తున్నయి."

"నిలుస్తున్నయి," అని మెల్లగా తనలో తను అనుకున్నాడు. తర్వాత ఆ పూట ఏం మాట్లాడినా వినలేదు. అన్నం తింటూ కంచం వంచి పులుసు ఎటు పోతుందో చూశాడు. అక్క నెత్తి కొట్టుకుంది.

నేనైతే వెంటనే తలుపు విప్పుతాడనుకున్నాను. విప్పలేదు. "విప్పితే లోపల ఏముందో తెలుస్తది గని, ఎట్లొచ్చిందో తెల్వది. ముందుగాల ఈ కారు ఏమేం చేస్తదో చూద్దాం పా," అన్నాడు. ఆంటీకి ఎల్బీనగర్‌లో ఒక పగటిపెళ్లి ఉంది. పొక్కుల మీద బంతిపూల దండలు కట్టి ఎట్లాగో నెట్టుకొస్తోంది. మేమిద్దరం నా స్కూటీ మీద ఆ పెళ్లికి బయల్దేరాం. పిలుపు లేదు. బావ ఉతికిన చొక్కా వేసుకున్నాడు, అంతే తేడా.

ఫంక్షన్ హాలు వాకిట్లో పన్నీరు చల్లుతున్నాయన అడిగాడు, "మీరు ఎవరి తాలూకండీ?"

"కారు తాలూకు," అన్నాడు బావ.

ఆయన ఏమనుకున్నాడో, నవ్వి లోపలికి పంపాడు. భోజనాలు కూడా పెట్టారు. బావ కిటికీ పక్కన కూర్చుని, ఒక కన్ను విస్తరి మీద, ఒక కన్ను కారు మీద వేసి తిన్నాడు. అప్పగింతల వేళకు జనం కారు చుట్టూ మూగారు. తలంబ్రాల బియ్యం ఇంకా జుట్టులోనూ బట్టల్లోనూ ఉండగానే కొత్తజంట కార్లో ఎక్కింది. పెద్దవాళ్లు రెండు వైపులా నిలబడి అక్షింతలు వేస్తున్నారు. పెళ్లికూతురు తల్లిని పట్టుకుని ఏడుస్తోంది. చుట్టూ అందరి కళ్లలో నీళ్లు. మా బావ మాత్రం తలుపు ఎత్తుకు గొంతుకూర్చుని, అద్దం కిందికి దిగే సందులోకి తొంగి చూస్తున్నాడు. నేను చొక్కా పట్టి లాగాను.

"బావా, పిల్ల ఏడుస్తుంది. నువ్వేం చూస్తున్నవ్?"

"బియ్యం ఎటు పోతున్నయో చూస్తున్న."

నిజమే. వేసిన అక్షింతల్లో సగం ఆ సందులోకి జారుతున్నాయి. బంతిపూల రెక్కలు కూడా. అంతలో బ్యాండు మొదలైంది. పెళ్లికొడుకు మేనమామ ఎవరో, మావాళ్లే అనుకుని, బావ చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. మెట్రో స్తంభాల కింద ఆయన చేతులు పైకెత్తి ఎగురుతుంటే నేను నోట్లో చున్నీ కుక్కుకుని నవ్వాను. ఎగురుతూ ఎగురుతూనే ప్రతి చుట్టుకూ ఒకసారి కారు తలుపు వైపు చూశాడు.

కారు వెనకాలే ఆంటీ ఇంటిదాకా వెళ్లాం. ఆవిడ పట్టుచీర మార్చుకుని, బకెట్‌తో నీళ్లు తెచ్చింది. "అక్షింతలు కదండీ, చీపురు తగలనివ్వకూడదు. రోడ్డు మీద రాలితే ఎవరో తొక్కుతారు. అందుకని ప్రతి పెళ్లికీ ఇలా కడిగేస్తాను," అంటూ చెంబుతో సీట్ల మీద, తలుపుల మీద పోసింది. సీట్ల కింది నీళ్లు ఒక పళ్లెంలో పట్టి మొక్కల్లో పోసింది. ఆ శ్రద్ధ చూస్తే దండం పెట్టాలనిపించింది. బావ తలుపు పక్కన కూర్చున్నాడు. నీళ్లు అద్దం సందులోకి దిగాయి, గలగలమని లోపల చప్పుడైంది. ఆయన తలుపు కింద నేల మీద అరచెయ్యి పెట్టాడు. తీసి చూశాడు. పొడిగా ఉంది. మళ్లీ పెట్టాడు. మళ్లీ పొడిగానే ఉంది.

వచ్చేటప్పుడు స్కూటీ మీద నా వెనక కూర్చున్నవాడు, కొత్తపేట దగ్గర సిగ్నల్ పడ్డాక నా భుజం మీద వేలితో తట్టాడు.

"ఆ చిల్లులు చిలుము తిన్నయి కావే. కారు కట్టినోడు పెట్టినయి. నీళ్లు పోనీకి పెట్టినయి. నేను మూసిన."

నేను వెనక్కి తిరిగి చూడలేకపోయాను. పచ్చ లైటు ఎప్పుడు వెలిగిందో, వెనకవాళ్లు ఎంత హారన్ కొట్టారో తెలియలేదు.

మర్నాడు కారును షెడ్డుకు తెప్పించి, తలుపు లోపలి అట్ట విప్పాడు. పుల్లటి వాసన గుప్పుమంది. అడుగున అక్షింతలు నల్లగా ముద్దయి, బంతిరెక్కలతో కలిసి, నీళ్లలో నానుతున్నాయి. ఎన్ని జంటలకు ఎంతమంది పెద్దలు వేసిన ఆశీర్వాదాలో. ఆ ముద్దలోంచి తెల్లగా, సన్నగా, వెలుతురు చూడని ఒక బంతి మొలక తల ఎత్తుకుని ఉంది. బావ పని ఆపేసి దాన్ని చూస్తూ కూర్చున్నాడు. "చీకట్ల కూడ ఎట్ల లేచింది చూడవే," అన్నాడు. ఖాళీ లప్పం డబ్బాలో మట్టి పోసి దాన్ని నాటాడు. ముద్దను కూడా పారేయలేదు. అక్షింతలని, దాని మొదట్లోనే పోశాడు.

అప్పుడు ఆంటీకి ఫోన్ చేసి రమ్మన్నాడు. లోపలికి పిలిచి చెప్పొచ్చు. పిలవలేదు. ఏ గల్లీలో మామిడికాయ పెట్టి చూసిందో ఆ గల్లీలోనే, చూసినవాళ్లందరి ముందూ చెప్పాడు.

"తప్పు నాదేనమ్మా. రెండుసార్లు చేసిన, రెండుసార్లు నేనే పాడు చేసిన."

ఆంటీ ముద్దను చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, నీళ్లు పోసింది నేను కదండీ. ఇక కడగడం మానేస్తాను."

"ఎందుకు మానాలె? పెద్దోళ్లు బియ్యం ఎయ్యక మానరు, నువ్వు కడగక మానవు. అవి తప్పులు కావు. నీళ్లు పోయే తొవ్వ మూసుడే తప్పు."

చూస్తున్నవాళ్లలోంచి ఎవరో ఒకాయన వచ్చి తలుపు రెండో వైపు పట్టుకున్నాడు, దించడానికి.

ఆ మూడోసారి పని నేను దగ్గరుండి చూశాను. వేసవి సెలవులు. చిలుము ఆనవాలు ఎక్కడిదాకా ఉందో అక్కడ ఆగలేదు, ఇంకా పైకి, రేకు తెల్లగా మెరిసేదాకా కోశాడు. "మెరిసేదాంక కొయ్యాలె. మధ్యల జాలి పడితే మళ్లొస్తది," అనేవాడు. కొత్త రేకును చెక్కదిమ్మ మీద పెట్టి చిన్న సుత్తెతో మెల్లమెల్లగా కొట్టి, పాత తలుపు ఒంపు తెచ్చాడు. అతికించాక, అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట్లు వెతికి అక్కడ చిల్లులు వేశాడు. నీటి చుక్క వెనక్కి పాకకుండా వాటి అంచులు కిందికి వంచాడు. లోపలంతా మైనం కరిగించి పోశాడు. ఒక కొబ్బరి ఈనె విరిచి ఆంటీకి ఇచ్చి, "ప్రతి పెళ్లైనంక దీంతోని చిల్లులు పొడువు," అన్నాడు. ఆవిడ దాన్ని అద్దం దగ్గర దేవుడి బొమ్మ పక్కన పెట్టుకుంది.

రంగు ఆరిన రోజు ఒక గ్లాసు నీళ్లు సందులో పోసి, కింద అరచెయ్యి పట్టాడు. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత టప్పుమని ఒక చుక్క, దాని వెనక ఇంకోటి. "వచ్చినయే! వచ్చినయ్!" అని తడి చెయ్యి నాకు, అక్కకు, గల్లీలో పోయేవాళ్లకు చూపించాడు. అక్క నవ్వుతూ, "బోరు పడ్డట్టు చేస్తుండు," అంది.

అయినా గెలిచానని అనలేదు. "ఇప్పుడే ఏం చెప్తం? వానలు పడాలె. శ్రావణం పెళ్లిళ్లు కావాలె. అప్పుడు చూడాలె. చూడకుండ చెప్పొద్దు." ఆ మధ్యలో ఆయాసంగా ఉందంటే దవాఖానకు తీసుకుపోయాను. గుండె పరీక్ష చేస్తుంటే మంచం మీద నుంచి మెడ తిప్పి ఆ తెర చూపించమని బతిమాలాడు. అక్కడి అమ్మాయి నవ్వి, తెర ఇటు తిప్పింది. లోపల కొట్టుకుంటున్న కవాటాలు చూసి, ఇంటికొచ్చి అక్కతో, "నాకూ లోపల తలుపులున్నయే. మంచిగనే తెరుచుకుంటున్నయ్," అన్నాడు. మాత్రలు రాశారు. వేసుకున్నాడు. ఆషాఢం వచ్చింది. పెళ్లిళ్లు లేవు. శ్రావణం కోసం ఎదురు చూస్తున్నాడు.

చూడకుండానే పోయాడు.

దినాలు అయిపోయాక అక్క ఆయన సుత్తెలన్నీ కడిగి, నూనె రాసి, గోనెసంచిలో చుట్టింది. పెద్దగా ఏడవలేదు. ఒక్కటే అడిగింది నన్ను. "ఆ కారు ఎట్లుందో?" నాకు అర్థమైంది. పొక్కులొస్తే సుత్తె పట్టనన్నాడు. ఇప్పుడు పట్టడానికి ఎట్లాగూ లేడు. కానీ ఆ పొక్కులొస్తే జవాబు చెప్పడానికి కూడా మనిషి లేడు, లప్పం డెంటరనే పేరే మిగిలిపోతుంది. ఆయన అంత ఇష్టంగా అడిగిన ప్రశ్నకు జవాబు ఆయనకే అందలేదన్నది నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది. నాకు ఆంటీకి ఫోన్ చేసే ధైర్యం లేకపోయింది.

శ్రావణం చివర్లో ఆవిడే వచ్చింది. ఆ రోజు పొద్దుటి నుంచి వాన పడి అప్పుడే తెరిపి ఇచ్చింది. నేను అక్క దగ్గరే ఉన్నాను. గల్లీ మొదట్లో లేత నీలం కారు ఆగింది. ఇంకా పూలదండలతోనే ఉంది, ఏదో పెళ్లి నుంచి సరాసరి వచ్చినట్టుంది. ఆంటీ దిగి అక్కడే నిలబడిపోయింది. పెళ్లి కారు, మొన్ననే మనిషి పోయిన ఇల్లు. ముందుకు రావాలో వద్దో తెలియక కొంగు నలుపుకుంటోంది.

అక్క గడప దాటి వచ్చింది. "ఆడనే ఆగినవేందమ్మా? ముంగటికి తీస్కరా."

కారు షెడ్డు ముందుకు వచ్చింది. తలుపు పక్కన అక్క వంగి, కింది అంచు పొడుగునా వేళ్లతో తడుముకుంటూ పోయింది, ఈ చివర నుంచి ఆ చివరకు. మళ్లీ వెనక్కి. "ఒక్క పొక్కు లేదు వదినగారూ," అంది ఆంటీ. "శ్రావణమంతా తిరిగింది. ఇన్ని వానల్లో తడిసింది. ఒక్కటి లేదు. అన్నయ్యగారికి చెప్పాలని..." అని ఆగిపోయింది.

అక్క లేవలేదు. చేత్తో తడిమినా నమ్మకం కుదరలేదేమో. అచ్చం బావ కూర్చునేట్టు గొంతుకూర్చుని, "నీళ్లు పొయ్యే," అంది నాతో.

నేను షెడ్డులోంచి బకెట్ తెచ్చాను. బంతి మొక్క పక్కనుంచే తెచ్చాను, అది మొగ్గ తొడిగింది. సీటు మీద, తలుపు అంచు మీద ఆ పూటవి అక్షింతలు ఇంకా పచ్చగా ఉన్నాయి. చెంబుతో నీళ్లు పోస్తే అవీ నీళ్లూ కలిసి సందులోకి జారాయి. లోపల గలగలమని చప్పుడైంది. ఒక క్షణం ఏమీ లేదు.

తర్వాత తలుపు కింద టప్పుమని ఒక చుక్క పడింది. దాని వెనక సన్నటి ధార, పసుపు రంగులో, ఒకటీ అరా బియ్యం గింజతో.

"కింద పడితే తొక్కుతరు," అంటూ అక్క గబుక్కున అరచెయ్యి పట్టింది.

దినాల నుంచి ఆ చెయ్యి పసుపు ముట్టుకోలేదు. ఎవరూ ముట్టుకోనివ్వలేదు. పసుపు నీళ్లు అక్క వేళ్ల సందుల్లోంచి కారి, మణికట్టు మీదుగా మోచేతి దాకా దిగాయి. అరచేతిలో గింజలు మిగిలాయి. అక్క వాటిని చూస్తూ అట్లాగే కూర్చుంది. వాన మళ్లీ మొదలైంది. ఎవరం లెమ్మని అనలేదు.